తుపాకులు కింద పెట్టించినవాళ్లు

ఎన్నికల షెడ్యూలు వెలువడిందంటే గచ్చిబౌలిలో ఉన్న సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ నుంచి ఒక ప్రకటన తప్పకుండా వస్తుంది. లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని దగ్గరలోని పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలని దాని సారాంశం. రియల్ ఎస్టేట్ వ్యాపారి రివాల్వరైనా, తాతగారు వేటకు వాడిన జంట గొట్టాల తుపాకైనా ఓట్ల లెక్కింపు ముగిసేదాకా స్టేషన్లోనే. ఎవరూ పెద్దగా గొణగరు. ఆయుధం దించడమంటే ఇప్పుడు ఒక రసీదు, ఒక సంతకం.

ఒకప్పుడు ఈ ఊళ్లో ఆ పని రసీదులతో జరగలేదు. కమిషనరేట్‌కు కొద్ది మైళ్ల దూరంలోనే గోల్కొండ కోట ఉంది. 1798 అక్టోబరులో ఆ కోట గోడల వెనక హైదరాబాద్ ప్రభువు నిజాం అలీఖాన్ తలపట్టుకుని కూర్చున్నాడు. తన సొంత సైన్యంలోకెల్లా మేలైన దళం చేత తుపాకులు దింపించాలా, వద్దా అన్నది ఆయన ముందున్న ప్రశ్న. ఆ దళం ముందుకు వెళ్లి దింపించే పని పడింది ఇరవై తొమ్మిదేళ్ల స్కాట్లాండ్ కుర్రాడి మీద.

గచ్చిబౌలిలో 'స్కాటిష్' అనగానే చాలామందికి విస్కీ సీసా గుర్తొస్తుంది. పాత ఆయుధాలు సేకరించేవాళ్లకు మాత్రం ఆ మాటతో కళ్లముందు మెదిలేది ఒక పిస్తోలు. చెక్క అన్నది మచ్చుకైనా లేకుండా నిలువెల్లా లోహంతో చేసిన చెకుముకి పిస్తోలు.

'చెకుముకి' తెలుగువాళ్లకు కొత్త మాటేమీ కాదు. అగ్గిపెట్టెలు రాకముందు చెకుముకిరాయి, ఉక్కుముక్క, కాస్త దూది ఉంటే చుట్ట వెలిగేది, పొయ్యి రాజుకునేది. ఉర్దూ చఖ్‌మఖ్, టర్కీవాళ్లు సిగరెట్ లైటర్‌ను పిలిచే చక్‌మక్ కూడా ఈ కుదురులోవే. ఆ పిస్తోలు చేసేదీ ఇదే పని, కాకపోతే చుట్టకు బదులు మందు వెలిగిస్తుంది. హైదరాబాదీలు 'ఘోడా' అనే ఇనుప కొక్కెం కోరల మధ్య, తోలుముక్క చుట్టిన చెకుముకిరాయిని బిగిస్తారు. మీట నొక్కగానే ఘోడా ముందుకు దూకి ఎదురుగా నిలబడ్డ ఉక్కు పలకను గీరుతుంది. పలక ముందుకు తెరుచుకుంటుంది, రవ్వలు కింది చిప్పలోని రంజకం మీద రాలతాయి. రంజకమంటే చిటికెడు మెత్తటి మందు. అది భగ్గుమంటే గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలి మందుకు నిప్పు తగులుతుంది, గుండు బయలుదేరుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోవాలి. చాలాసార్లు అలా జరగదు. రాయి అరిగినా, రంజకం చెమ్మగిల్లినా, రంధ్రంలో మసి పేరుకున్నా చిప్పలో మంట లేచి అక్కడే ఆరిపోతుంది, గుండు కదలదు.

స్కాట్లాండ్ పిస్తోలు చేసినవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు. అందుకే దానికి విరుగుడు కూడా పిడిలోనే పెట్టారు. పిడి కొస పొట్టేలు కొమ్ముల్లా రెండు వైపులా చుట్టుకుని ఉంటుంది. ఆ కొమ్ముల నడుమ ఒక చిన్న గుండీ ఉంటుంది. మర తిప్పి దాన్ని ఊడదీస్తే లోపల సన్నని సూది. మసి పట్టిన రంధ్రాన్ని పొడిచి శుభ్రం చేయడానికే అది. మీటకు చుట్టూ రక్షణగా ఉండే కడ్డీ ఇందులో ఉండదు. మీట కూడా వంపు తిరిగిన రేకు కాదు, చిన్న గోళీలాంటి బొడిపె. ఎడమ పక్కన పొడవాటి ఇనుప నాలుక ఉంటుంది. నడికట్టులోకో, భుజం మీంచి వేసుకున్న పట్టీలోకో దాన్ని దోపితే పిస్తోలు వేలాడుతూ ఉంటుంది. దొరల కోసం చేసిన వాటిలో గొట్టమంతా లతలు, వెండి పొదుగులు. గుండు ఎంత దూరం పోయేదన్నది పక్కన పెడితే, పెళ్లికి పెట్టుకు వెళ్లడానికి దీన్ని మించింది లేదు.

ఈ పనితనానికి పుట్టిల్లు డూన్ అనే చిన్న ఊరు. స్కాట్లాండ్ నడిబొడ్డున, కొండసీమ నుంచి పశువులు తోలుకొచ్చే దారిలో ఉంటుంది. 1646లో థామస్ కాడెల్ అనే కమ్మరి అక్కడ కొలిమి పెట్టాడు. ఆయన కొడుకులు, మనవలు, వాళ్ల దగ్గర పని నేర్చినవాళ్లు ఒకటిన్నర శతాబ్దం పాటు ఆ కొలిమి ఆరనివ్వలేదు. సంతకొచ్చిన పశువుల బేరగాళ్లు డబ్బు, ప్రాణం కాపాడుకోవడానికి పిస్తోలు కొనేవాళ్లు. అలా ఊరూ పేరూ పెరిగాయి. 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజున మేజర్ పిట్‌కెయిర్న్ అనే స్కాట్లాండ్ అధికారి గుర్రం బెదిరి పారిపోయింది. జీనుకున్న డూన్ పిస్తోళ్ల జత అమెరికన్ల చేతికి చిక్కింది. జాన్ మర్డాక్ చేసిన ఆ జతను లెక్సింగ్టన్‌లో ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు.

సైనిక పిస్తోలు కథ వేరు. బ్రిటిష్ పదాతిదళంలో మామూలు సిపాయికి పిస్తోలు ఇచ్చే అలవాటు లేదు. తుపాకీ, బాయ్‌నెట్ చాలనేవాళ్లు. ఒక్క హైలాండ్ రెజిమెంట్లకే, అంటే స్కాట్లాండ్ కొండసీమ దళాలకే మినహాయింపు. అక్కడ సిపాయి నడుముకు కత్తితో పాటు పిస్తోలూ వేలాడేది. అయితే వేల సంఖ్యలో కావాలంటే డూన్ కమ్మరి చేసే నగిషీ పని కుదరదు. ఆర్డర్లు ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు వెళ్లాయి. ఐజాక్ బిస్సెల్ లాంటివాళ్లు లతలు, వెండి తీసేసి, పొట్టేలు కొమ్ముల ఆకారం మాత్రం ఉంచి సాదా పిస్తోళ్లు తయారు చేశారు. కొన్నింటి గొట్టం మీద 'ఆర్ హెచ్ ఆర్' అనే అక్షరాలు కనిపిస్తాయి. రాయల్ హైలాండ్ రెజిమెంట్ అన్నమాట. ఈ రోజు వేలం పాటల్లో సైనిక పిస్తోలును గుర్తుపట్టేది ఆ అక్షరాలతో, ఆ సాదాతనంతో. అమెరికా యుద్ధం నాటికే వాటిని బరువు కింద లెక్కేసి పక్కన పెట్టేశారు. 1795 ప్రాంతంలో అధికారికంగానూ సెలవిచ్చారు.

ఇక్కడ ఒక వింత ఉంది. సైన్యంలో ఉన్న కొండసీమవాడి నడుముకు సర్కారే పిస్తోలు కట్టిన ఆ రోజుల్లోనే, ఊళ్లో ఉన్న అతని అన్నదమ్ముడు పిస్తోలు పట్టుకుంటే నేరం. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో కొండసీమ తిరుగుబాటు గంటలోపే తుడిచిపెట్టుకుపోయింది. ఆ వెంటనే లండన్ పార్లమెంటు నిరాయుధీకరణ చట్టాన్ని బిగించింది. కత్తి, పిస్తోలు, తుపాకీ అన్నీ అప్పగించాల్సిందే. ఆయుధంతో ఆగకుండా కట్టుబట్ట మీదకూ వెళ్లింది. గళ్లగుడ్డ, మోకాళ్ల దాకా వచ్చే కిల్టు కూడా నిషిద్ధమే. బట్ట మీద నిషేధం 1782 దాకా ఎత్తేయలేదు. రెండూ ధరించాలంటే ఒక్కటే దారి, రాజుగారి సైన్యంలో చేరడం. చాలామంది చేరారు. ఓడలెక్కారు. అమెరికా కొందరు, మద్రాసు కొందరు.

1780 జనవరిలో లార్డ్ మెక్‌లియోడ్ కొండసీమ దళం మద్రాసులో దిగింది. ఆ ఏడాది సెప్టెంబరు 10న కంచి దగ్గర పొల్లిలూరులో మైసూరు పాలకుడు హైదర్ అలీ సేన ఈస్టిండియా కంపెనీ పటాలాన్ని చుట్టుముట్టి మట్టికరిపించింది. మెక్‌లియోడ్ దళంలోని కెప్టెన్ డేవిడ్ బెయిర్డ్ గాయాలతో పట్టుబడి, శ్రీరంగపట్నం చెరలో మూడున్నరేళ్లు సంకెళ్లతో గడిపాడు. కొడుకును ఇంకో ఖైదీతో జంటగా గొలుసు కట్టారని విని, 'ఆ రెండోవాడి పని ఏమైందో పాపం' అందట తల్లి. 1799 మే 4న అదే శ్రీరంగపట్నం కోట మీదకు దండు నడిపించినవాడు బెయిర్డే.

ఇంతకీ 1798 అక్టోబరులో హైదరాబాద్‌లో అసలేం జరిగింది?

నిజాం అలీఖాన్ దగ్గర ఫ్రెంచివాళ్లు తీర్చిదిద్దిన దళం ఒకటి ఉండేది. దాన్ని నిలబెట్టినవాడు మిషెల్ జోచిమ్ రేమండ్. ఫ్రాన్స్‌లోని గాస్కనీ నుంచి పాండిచ్చేరికి వచ్చి, అక్కడి నుంచి నిజాం కొలువుకు చేరాడు. సిపాయిలను ఐరోపా తరహాలో కవాతు చేయించడమే కాదు, వాళ్ల చేతుల్లోకి ఆయుధాలు బయటి నుంచి తెప్పించే బాధ తప్పించాలనుకున్నాడు. 1786 ప్రాంతంలో ఫతే మైదాన్ పక్కన ఫిరంగుల కొలిమి కట్టించాడు. 'తోప్ కా సాంచా' అన్నారు జనం. తోపులు పోతపోసే అచ్చు అని. ఇంగ్లిషులో గన్‌ఫౌండ్రీ. ఈ రోజు ఆ పేరు చెబితే ఆటోవాడు బ్యాంకు ముందు దింపుతాడు. కొలిమి గోడలు మాత్రం పక్క సందులో ఎత్తుగా, మొండిగా నిలబడి ఉన్నాయి.

అంతకు వందేళ్ల కిందట గోల్కొండ కోట మీద పేలినవి వేరే తరహా తుపాకులు. నిప్పంటించిన తాడును, అదే జామగిని, రంజకానికి తాకించి పేల్చేవి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడి వేసినప్పుడు వానాకాలం మందునూ, జామగినీ తడిపి ముద్దచేసింది. చివరకు కోట లొంగింది తుపాకులకు కాదు, లోపలినుంచి తలుపు తీసిన ద్రోహానికి. రేమండ్ దళం చేతిలో ఉన్నది జామగి కాదు, చెకుముకి. వానలో అదీ మొరాయిస్తుంది గానీ, చేతిలో వెలుగుతున్న తాడు పట్టుకుని మందు సంచి పక్కన నిలబడే గండం తప్పింది. భుజం భుజం ఆనించి వరుసలు కట్టి, ఒక్కమాట మీద పేల్చడం సాధ్యమైంది.

1795లో ఖర్డా దగ్గర మరాఠాలతో యుద్ధంలో నిజాం ఓడిపోయినా, రేమండ్ దళం పేరు మాత్రం నిలిచింది. ఆ దళం పద్నాలుగు వేలకు పెరిగింది. ఫ్రెంచి విప్లవం మూడు రంగుల జెండా కింద అది కవాతు చేస్తుంటే కలకత్తాలో కంపెనీ కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీకి నిద్రపట్టలేదు. ఒకవైపు శ్రీరంగపట్నంలో హైదర్ అలీ కొడుకు టిప్పు, ఇంకోవైపు ఈజిప్టులో నెపోలియన్, నడుమ హైదరాబాద్‌లో ఈ సేన.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు. జనం ఆయన్ను మూసా రహీం అని, మూసారాం అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చిందే. సమాధి దగ్గర ఏటా ఉర్సు చేసేవాళ్లు. ఆయన స్థానంలోకి వచ్చిన పిరోన్‌కు ఆ పట్టు లేదు. సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంట్, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాంతో ఒప్పందం రాయించుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని రద్దు చేసి, బదులు కంపెనీ పటాలాలను నిలుపుకోవాలని దాని సారం. గుంటూరులో కాచుకున్న పటాలాలు హైదరాబాద్ వైపు కదిలాయి.

సంతకం పెట్టడం తేలిక, అమలు చేయడమే కష్టం. నిజాం గోల్కొండకు తరలిపోయి తలుపులు మూసుకున్నాడు. మంత్రి అరిస్తూజా ఇవాళ రేపు అంటున్నాడు. ఈ మధ్యలో కిర్క్‌పాట్రిక్‌కు సహాయకుడుగా వచ్చినవాడే ఆ ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు, జాన్ మాల్కం. స్కాట్లాండ్ సరిహద్దు పల్లె బర్న్‌ఫుట్‌లో పదిహేడుమంది పిల్లల ఇంట్లో పుట్టాడు. పదమూడేళ్లు నిండీ నిండకుండానే కంపెనీ కొలువుకు వచ్చాడు. ఇంత చిన్నవాడివి, హైదర్ అలీ ఎదురైతే ఏం చేస్తావని డైరెక్టరు నవ్వుతూ అడిగితే, కత్తి దూసి తల తెగ్గోస్తానన్నాడట. ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది.

ఎట్టకేలకు రద్దు ఉత్తర్వు మీద నిజాం ముద్ర పడింది. అయితే తొలి దెబ్బ కొట్టింది కంపెనీ కాదు, జీతాల బకాయి. చేతికి రావాల్సిన సొమ్ము సంగతి తేల్చకుండా తమను రద్దు చేస్తున్నారని తెలిసి సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే బంధించారు. మాట్లాడటానికి వెళ్లిన మాల్కంనూ గుంపు చుట్టుముట్టింది. అతని పాత కంపెనీ పటాలంలో ఒకప్పుడు పనిచేసి ఇటు వచ్చి చేరిన సిపాయిలు గుర్తుపట్టి, అతన్ని గుంపులోంచి బయటకు తప్పించారు. మర్నాడు, అక్టోబరు 22న, కంపెనీ పటాలాలు శిబిరాన్ని చుట్టుముట్టి గుట్టల మీద ఫిరంగులు నిలిపాయి. బకాయిలు చెల్లిస్తామని, కొలువు చూపుతామని కబురు వెళ్లింది. పొద్దు వాలేలోపు పదివేల పైచిలుకు సిపాయిలు తుపాకులు పోగులు పెట్టి పక్కకు తప్పుకున్నారు. గన్‌ఫౌండ్రీలో ఏళ్ల తరబడి పోసిన ఫిరంగులు, మందుగుండు, దళం జెండాలు అన్నీ కంపెనీ చేతికి వచ్చాయి. ఒక్క తుపాకీ పేలలేదు. ఆ జెండాలు తీసుకుని మాల్కం కలకత్తా వెళ్లాడు. ఏడు నెలలు తిరిగేసరికి టిప్పు కథ కూడా ముగిసింది.

ఈ కథలో స్కాట్లాండ్‌వాడు మాల్కం ఒక్కడే కాదు. నిజాం రాజ్యం పటం గీసినవాడు కాలిన్ మెకెంజీ. కలోడెన్ జరిగిన ఎనిమిదేళ్లకు, ఆయుధం పట్టకూడని కాలంలో, లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు. 1783లో మద్రాసు చేరి, 1792 నుంచి హైదరాబాద్ పటాలం వెంట కొలతల గొలుసు పట్టుకుని తిరిగాడు. ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కళ్లూ చెవులూ అయ్యారు. తెలుగు ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయతులు మిగిలింది ఆ జతకట్టు పుణ్యమే. పటం చేతిలో ఉంటే పటాలం ఎటు నడవాలో తెలుస్తుంది. మెకెంజీ పటాలు కైఫీయతులకన్నా ముందు పనికొచ్చింది ఆ పనికే.

అందరినీ మించి మన ఊళ్లలో తుపాకులు దింపించినవాడు థామస్ మన్రో. గ్లాస్గోలో పొగాకు వర్తకుడి కొడుకు. అమెరికా యుద్ధంతో తండ్రి వ్యాపారం కూలడంతో 1780 జనవరిలోనే క్యాడెట్‌గా మద్రాసు వచ్చాడు. 1800లో నిజాం తన సైనిక ఖర్చుల కింద కడప, బళ్లారి ప్రాంతాలను కంపెనీకి దత్తం చేసినప్పుడు కలెక్టరుగా వెళ్లింది మన్రోనే. అప్పుడక్కడ ఎనభైమంది పాలెగాళ్లు, వాళ్ల కింద ముప్పై వేలమంది ఆయుధం పట్టిన కట్టుబడి బంట్లు. ఒక్కొక్క పాలెం కోట బురుజులు కూల్చారు, బంట్ల ఆయుధాలు తీసుకున్నారు, పాలెగాళ్లకు పింఛను రాసిచ్చారు. ఒప్పుకోనివాళ్ల మీదకు జనరల్ డూగల్డ్ క్యాంబెల్ పటాలం వెళ్లింది. ఆ జనరల్ కూడా స్కాట్లాండ్‌వాడే. కర్నూలు సీమలోని తెర్నేకల్లు ఊరు ముత్తుకూరు గౌడప్ప నాయకత్వంలో ఎదురుతిరిగి ప్రాణాలిచ్చింది. అదే మన్రో పేరును మరో తరం మన్రోలప్ప అని దేవుడి పేరులా పిల్లలకు పెట్టుకుంది. తిరుమలలో ఆయన పేరు మీద గంగాళం ఉంది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

మాల్కం, మన్రో ఇద్దరూ పల్లపు స్కాట్లాండ్‌వాళ్లే. కలోడెన్‌లో కత్తి పోగొట్టుకున్నది వాళ్ల ఇళ్లవాళ్లు కాదు. కానీ బ్రిటన్ ప్రభుత్వం తన సొంత కొండసీమ మీద ప్రయోగించి చూసిన పద్ధతి ఇక్కడ కొత్తగా కనిపెట్టనక్కర్లేకపోయింది. కోటలు పడగొట్టు, ఆయుధం లెక్కగట్టి తీసుకో, ఆపైన ఆయుధం తెలిసిన చేతికి జీతం ఇచ్చి నీ పటాలంలోకి చేర్చుకో. తుపాకీ దించిన రేమండ్ సిపాయిలకు మాల్కం పంపిన కబురు కూడా అదే. 1803లో నిజాం తరఫున మరాఠాల మీదకు నడిచిన హైదరాబాద్ సబ్సిడరీ దళంలో, అంటే నిజాం ఖర్చుతో నిలిచిన కంపెనీ సేనలో, స్కాచ్ బ్రిగేడ్ అనే రెజిమెంటు కూడా కలిసి నడిచింది.

చెకుముకి తుపాకీకి చివరి గుటక పోసినవాడు కూడా స్కాట్లాండ్‌వాడే కావడం తమాషా. అబెర్డీన్ పక్కన బెల్‌హెల్వీ అనే పల్లెలో అలెగ్జాండర్ ఫార్సిత్ అనే చర్చి పాదిరీ ఉండేవాడు. ఆదివారం ప్రసంగం, మిగతా రోజులు బాతుల వేట. చిప్పలో రంజకం భగ్గుమన్నప్పుడు ఆ మెరుపు చూసి పిట్టలు గుండు చేరేలోపే ఎగిరిపోతున్నాయి. రంజకం లేకుండా, దెబ్బ తగిలితేనే పేలే రసాయనాన్ని వాడితే మెరుపు ఉండదు, వానకు భయమూ ఉండదు అనుకున్నాడు. లండన్ టవర్‌లో ప్రయోగాలు చేసుకోమని అతన్ని పిలిచింది అప్పటి ఆయుధశాఖ అధిపతి లార్డ్ మొయిరా. 1807లో ఫార్సిత్‌కు పేటెంటు వచ్చింది. ఆ మొయిరాయే తర్వాత భారత గవర్నర్ జనరల్ అయి, హేస్టింగ్స్ ప్రభువుగా, హైదరాబాద్‌లో నిజాంకు పామర్ కంపెనీ ఇచ్చిన అప్పుల వ్యవహారంలో పేరు పాడుచేసుకున్నాడు. 1840ల నాటికి సైన్యాల్లో చెకుముకి పోయి, టోపీ తుపాకీ వచ్చింది. చిన్న రాగి టోపీ మీద ఘోడా పడితే చాలు, ఠప్‌మని పేలుతుంది.

పాత తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లు ఈ రోజు చూడాల్సింది రెండు చట్టాలను. వందేళ్లు దాటిన వస్తువును 1972 నాటి పురావస్తు చట్టం విలువైన పురావస్తువుగా చూస్తుంది, దాన్ని దేశం దాటించనివ్వదు. 1959 ఆయుధాల చట్టం నలభై అయిదో సెక్షనులో మరో మాట ఉంది. కాలం చెల్లిన నమూనాదైనా, ప్రాచీన విలువ ఉన్నదైనా, మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకీగా పనికిరానిదైతే ఆ చట్టం దానికి వర్తించదు. పనికొస్తే మాత్రం పొట్టేలు కొమ్ముల డూన్ పిస్తోలుకైనా గచ్చిబౌలి రియల్టర్ రివాల్వర్ వరసే. ఎన్నికలొచ్చినప్పుడు రసీదు రాయించుకుని స్టేషన్లో పెట్టాల్సిందే.